చదరంగపు గళ్ళ సంఖ్య – దాని లోపలి కథ

చదరంగం కనిపెట్టిన పండితుడి కథ వినని వాళ్ళు మనలో ఉండరు. రాజుగారు మెచ్చి, ఏం కావాలో కోరుకోమన్నారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపి ఇప్పించమన్నాడు పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. గింజలు కొలవవలసిన కొఠారు అధికారి మాత్రం నవ్వి ఉండడు. ఈ కథను 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే అల్ బిరూనీ ఈ లెక్క ఎలా వెయ్యాలో వివరించాడు.

ఆ మొత్తం ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. నోటితో చదవాలంటే, ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, దానిమీద నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. గ్రాముకు నలభై బియ్యపు గింజలు తూగుతాయనుకుంటే సుమారు 46,000 కోట్ల టన్నుల బియ్యం. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. అంటే తొమ్మిది వందల ఏళ్ళ పంట పైమాటే.

ఈ సంఖ్య గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆపి, "అబ్బో, ఎంత పెద్దదో!" అనిపించి వదిలేస్తారు. నా ఉద్దేశంలో, పెద్దదిగా ఉండటం అన్నది ఈ సంఖ్యకున్న గుణాలన్నింటిలోకీ చప్పనిది. దీనికంటే పెద్ద సంఖ్య కావాలంటే ఒకటి కలిపితే చాలు. దీని లోపల ఏముంది, ఏ ఇటుకలతో కట్టారు అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వెంట వెళితే ఒక మహా గణితవేత్త చేసిన పొరపాటు, దానిని పట్టిచ్చిన 641 అనే చిన్న సంఖ్య, ఇంకా తెమలని ఒక సమస్య ఎదురవుతాయి.

ముందు మన ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. దానిని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. చదరంగపు గళ్ళ మొత్తాన్ని చెప్పే వృత్తపద్యం ఒకటి ఆయన పేరు మీద మన పండితుల నోళ్ళలో ఉంది. అందులో అంకెలు అంకెలుగా ఉండవు, వస్తువుల పేర్లుగా ఉంటాయి. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, తర్కాలు ఆరు, కొండలు ఏడు, దిక్కులను మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం గనుక సున్నా. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. చదివేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు నడవాలి. అందుకే ఆ పద్యం మన్మథుడి బాణాలతో, అంటే చివరి 5తో ఎత్తుకుని, చంద్రుడితో, అంటే మొదటి 1తో ముగుస్తుంది. మధ్యలో ఉన్న అంకెలన్నీ వరసగా సరిపోతాయి.

మామూలు సైంటిఫిక్ కాల్క్యులేటర్‌లో ఇదే లెక్క వేసి చూడండి. 1.844674407 అని చూపించి, పక్కన పది ఘాతం పందొమ్మిది అంటుంది. చివరి పది అంకెలూ మింగేసింది. కంప్యూటర్లో ఎక్సెల్‌ను అడిగితే పదిహేను అంకెలు చూపించి తక్కినవి సున్నాలు పెడుతుంది. పద్యం ఒక్క అంకె కూడా మింగలేదు!

కాని ఒక సందేహం రావాలి. తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న అంకెలను నమ్మటం ఎలా? పద్యంలో సముద్రం అనే అర్థం వచ్చే మాటలు రెండు చోట్ల ఉన్నాయి. భూతసంఖ్యల లెక్కలో సముద్రాలు నాలుగు. మనం మాట్లాడుకునేటప్పుడు మాత్రం సప్త సముద్రాలు అంటాం. మరి అక్కడ నాలుగు వేసుకోవాలా, ఏడు వేసుకోవాలా? ఛందస్సు కొంత కాపలా కాస్తుంది గాని, ఈ తగువు తీర్చలేదు. దీన్ని లెక్కే తీర్చాలి.

మొత్తం ఎంతో తెలియకుండానే, దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగలాలో మనం చెప్పగలం. ఒక్కో గడిలోనూ అంతకు ముందు గళ్ళ మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ ఉంటుంది. కాబట్టి అరవై నాలుగు గళ్ళ మొత్తం అంటే, లేని అరవై అయిదో గడిలో ఉండవలసిన గింజలకు ఒకటి తక్కువ. అనగా 2⁶⁴ − 1. ఇప్పుడు 2, 4, 8, 16 ఇలా పోతూ ఉంటే తొమ్మిదితో భాగించగా వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని వచ్చి మళ్ళీ మొదటికి వస్తాయి. ఆరింటికి ఒక చుట్టు. 64లో పది చుట్లు పోను నాలుగు మిగులుతుంది, నాలుగో శేషం 7. అందులో ఒకటి తీసేస్తే 6. ఇక అంకెల మొత్తం కూడండి. సముద్రాలను నాలుగు వేసుకుంటే 87 వస్తుంది. తొమ్మిదులు తీసేస్తే శేషం 6. సరిపోయింది. ఒక సముద్రాన్ని ఏడు అనుకుంటే మొత్తం 90, శేషం సున్నా. రెండింటినీ ఏడనుకుంటే 93, శేషం 3. ఎలా చూసినా ఏడు కుదరదు. వ్యాఖ్యాతలతో పని లేకుండా తగువు తీరిపోయింది.

లేఖకుడు పక్కపక్క అంకెలు రెండింటిని తారుమారు చేస్తే మాత్రం తొమ్మిదుల పరీక్షకు దొరకడు, మొత్తం మారదు కదా. దానికి పదకొండు పరీక్ష ఉంది. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడితే 62, విడిచినవి కూడితే 25, భేదం 37, పదకొండుతో భాగిస్తే శేషం 4. రెండు ఘాతాల శేషాలు పదకొండు విషయంలో పదింటికి ఒక చుట్టు తిరుగుతాయి. 64వది 5, ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది.

అసలు ఆ కాలంలో ఇంత లెక్క ఎలా చేశారని ఆశ్చర్యపోనక్కర లేదు. అరవై నాలుగు సార్లు రెట్టింపు చేసే పని లేదు. రెండును వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, ఆపైన 256, 65536, 4294967296. ఇంకొక్క వర్గం చేస్తే 2⁶⁴ చేతికొస్తుంది. ఆరు గుణకారాలు, అంతే. ఘాతాన్ని సగాలు చేస్తూ వర్గాలతో పైకెక్కే ఈ కిటుకు ఛందస్సు లెక్కల కోసం పింగళుడు చెప్పినదే. మహావీరాచార్యుడు దాన్ని గుణశ్రేఢికి వాడుకున్నాడు.

ఇక లోపలికి వెళదాం. హైస్కూల్లో నేర్చుకున్న సూత్రం ఒకటి చాలు: రెండు వర్గాల భేదం అంటే, ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణించినంత. 2⁶⁴ అనేది 2³² కు వర్గం, 1 అనేది 1కే వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 ని 2³² + 1, 2³² − 1 అని రెండుగా చీల్చవచ్చు. అందులో రెండో దాన్ని మళ్ళీ అలాగే చీల్చవచ్చు. చీలుస్తూ పోతే చివరికి తేలేది ఇది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

కావాలంటే కింది నుంచి కట్టుకుంటూ రండి. మూడయిదులు పదిహేను, దాన్ని పదిహేడుతో గుణిస్తే 255, దాన్ని 257తో గుణిస్తే 65535. ప్రతి మెట్టు మీదా తర్వాతి సంఖ్య సరిగ్గా రెండు ఎక్కువ. ఈ "రెండు ఎక్కువ" అన్నది చిన్న విషయం కాదు. ఇందులో ఏ సంఖ్యను తీసుకున్నా అది అంతకు ముందు వాటి లబ్ధం కంటే రెండు ఎక్కువ. అన్నీ బేసి సంఖ్యలు. అందువల్ల ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండటానికి వీల్లేదు. ఈ వరసను ఎంత దూరమైనా పొడిగించవచ్చు గనుక, ప్రధాన సంఖ్యలకు అంతు లేదని కూడా ఇక్కడే రుజువయిపోతుంది. 1730లో గోల్డ్‌బాఖ్ తన ఉత్తరంలో ఈ సంగతే రాశాడు.

ఈ ఆరు సంఖ్యలను ఫెర్మా సంఖ్యలంటారు. 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశంలో న్యాయాధికారిగా ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో గణితం చేసిన ఫెర్మా 1640లో ఉత్తరాలు రాస్తూ, ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకం వెలిబుచ్చాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధాన సంఖ్యలు. వరసగా అయిదు సార్లు నిజమైన మాట ఆరోసారి మాత్రం ఎందుకు తప్పుతుంది అనిపిస్తుంది. పైగా ఆరోది, 4294967297, పది అంకెల సంఖ్య. ప్రధానమో కాదో తేల్చాలంటే 65536 లోపున్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడాలి, అవి ఆరువేల పైచిలుకు. దాదాపు తొంభై ఏళ్ళు ఎవరూ తేల్చలేదు.

1729 చివర్లో గోల్డ్‌బాఖ్ ఈ మాటను ఆయిలర్ చెవిన వేశాడు. అప్పటికి ఆయిలర్‌కు ఇరవై రెండేళ్ళు, అంటే మన ఎమ్మెస్సీ కుర్రాళ్ళ వయస్సు. 1732లో ఆయిలర్ జవాబు చెప్పాడు: 4294967297 ప్రధాన సంఖ్య కాదు, 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

641 ఎలా దొరికింది? ఆరువేల ప్రధాన సంఖ్యలనూ వరసగా ప్రయత్నించనక్కర లేదు. ఆయిలర్ తరువాత వివరించిన కారణం ఇది. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1 ని భాగిస్తుందనుకోండి. అప్పుడు దానితో భాగిస్తే 2³² శేషం "ఒకటి తక్కువ" అవుతుంది, 2⁶⁴ శేషం ఒకటి అవుతుంది. శేషం ఒకటి వచ్చే అతి చిన్న ఘాతం 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. కాబట్టి అది 64 తప్ప మరొకటి కాదు. మరోపక్క ఏ బేసి ప్రధాన సంఖ్య తీసుకున్నా, అంతకు ఒకటి తక్కువైన ఘాతానికి రెండును ఎక్కిస్తే శేషం ఒకటే వస్తుంది. దీనర్థం ఏమిటంటే, ఆ ప్రధాన సంఖ్య నుంచి ఒకటి తీసేస్తే 64తో భాగించబడాలి. చదరంగపు అరవై నాలుగు ఇక్కడ మళ్ళీ ప్రత్యక్షమైంది చూడండి.

ఇప్పుడు 64 గుణిజాలకు ఒకటి కలుపుతూ పోతే తగిలే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. మొదటిదానితో భాగిస్తే శేషం 109. రెండోదానితో 2, ఇది పైన చెప్పుకున్న రెండే. మూడోదానితో 325, నాలుగోదానితో 288. అయిదోదానితో సున్నా. అయిదే అయిదు భాగహారాలు. ఇందులో చేదు ఏమిటంటే, మనం ఇప్పుడు వాడిన "ఒకటి తక్కువైన ఘాతం" సిద్ధాంతం సాక్షాత్తూ ఫెర్మా గారిదే, అదీ 1640లోదే. ఆయుధం ఆయన చేతిలోనే ఉంది. ఒక పూట కూర్చుని వాడి ఉంటే ఆ నమ్మకం అప్పుడే పోయేది.

641 సంగతి మీరే కాగితం మీద సరిచూసుకోవచ్చు. 65536ను 641తో భాగిస్తే శేషం 154. దాన్ని వర్గం చేస్తే 23716. ఒకటి కలిపితే 23717. అది సరిగ్గా 641 × 37. అంటే 65536 వర్గానికి ఒకటి కలిపితే, అదే మన 4294967297, దాన్ని 641 భాగిస్తుందన్నమాట. భాగఫలం 6700417. అది ప్రధాన సంఖ్యే.

దీంతో మన చదరంగపు సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు. కారణాంకాలు ఎన్నంటే, ఒక్కొక్కదాన్ని తీసుకోవటమో మానటమో కాబట్టి రెండును ఏడు సార్లు గుణించి 128. గళ్ళకు సరిగ్గా రెట్టింపు. ఇందులో లోతైన రహస్యమేమీ లేదు, ఊరికే సరదాగా కుదిరింది.

వీటిలో మొదటి అయిదు ఫెర్మా ప్రధానాలకు మరో గొప్పతనం ఉంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే క్రమ బహుభుజులు గీయటం గ్రీకుల నాటి సమస్య. త్రిభుజం, పంచభుజం వాళ్ళకు తెలుసు. 1796లో, ఇంకా పందొమ్మిదేళ్ళు నిండని గౌస్ పదిహేడు భుజాల బొమ్మ గీయవచ్చని రుజువు చేశాడు. బేసి భుజాలున్న బహుభుజి గీయాలంటే ఆ భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. తెలిసినవి అయిదే కాబట్టి అలాంటి బొమ్మలు ముప్ఫై ఒకటి. వాటిలో అతి పెద్దదానికి 4294967295 భుజాలు, అంటే చదరంగపు బల్లలో సగం, మొదటి ముప్ఫై రెండు గళ్ళలో పట్టే గింజలన్ని. గీస్తే వృత్తానికీ దానికీ తేడా కంటికి కనిపించదనుకోండి.

పెద్ద సంఖ్యను విడగొట్టటం ఇంత సులువా అని ఎవరైనా అనుకుంటే, ఇరుగుపొరుగును చూపించాలి. 2⁶¹ − 1 ప్రధాన సంఖ్య. ఎంత కొట్టినా పగలదు. 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ మతాచార్యుడు ఆ సంగతి తేల్చాడు. ఇటుపక్క 2⁶⁷ − 1 ఇరవై ఒక్క అంకెల సంఖ్య, మన సంఖ్యకు సుమారు ఎనిమిది రెట్లు అనుకోవచ్చు. అది ప్రధానం కాదని ల్యూకా 1876లో రుజువు చేశాడు గాని, కారణాంకాలు మాత్రం చెప్పలేకపోయాడు. 1903లో కోల్ అనే అమెరికన్ ఆచార్యుడు వాటిని బయటపెట్టాడు: 193707721, 761838257287. సభలో నోరు విప్పకుండా బోర్డు మీద గుణించి చూపించి కూర్చున్నాడని, ఎన్నాళ్ళు పట్టిందంటే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెప్పుకుంటారు. అరవై నాలుగును సగం చేస్తూ ఒకటి దాకా పోవచ్చు. అరవై ఏడు ప్రధాన సంఖ్య, సగానికి లొంగదు. మన సూత్రం పట్టుకోవటానికి అక్కడ అంచే లేదు. విడగొట్టటం కష్టమా సులువా అన్నది అంకెలెన్ని ఉన్నాయన్నదానితో తేలదు. ఘాతం ఎలా ఉందన్నదానితో తేలుతుంది.

మనవాడికి మరీ దగ్గరి పొరుగు ఇంకొకడున్నాడు. రెండు ఇళ్ళ అవతల, 2⁶⁴ + 1. ఏడో ఫెర్మా సంఖ్య ఇదే. దీనికి మన సూత్రం పనిచెయ్యదు, భేదం కాదు, మొత్తం కదా. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన దీన్ని 274177 × 67280421310721 అని విడగొట్టాడు. అప్పుడాయన వయస్సు ఎనభై రెండు. రిటైరయ్యాక ఏం చేస్తారని అడిగేవాళ్ళకు చెప్పదగిన సంగతి.

మన సంఖ్యనూ, రెండిళ్ళ అవతలి సంఖ్యనూ గుణిస్తే 2¹²⁸ − 1 వస్తుంది. ముప్ఫై తొమ్మిది అంకెలు. లాండ్రీ శ్రమ తెలిసినవాడికి దాన్ని తొమ్మిది ప్రధాన సంఖ్యలుగా రాయటం నిమిషం పని. తరువాతి ఫెర్మా సంఖ్యను మోరిసన్, బ్రిల్‌హార్ట్ 1970లో కంప్యూటర్ మీద విడగొట్టారు. ఆ తరువాతిది 1980లో బ్రెంట్, పొలార్డ్ విడగొట్టారు. ఇలా మెట్టు మెట్టుగా, ఇప్పటికి మొదటి పన్నెండు ఫెర్మా సంఖ్యలు పూర్తిగా విడిపోయాయి. పదమూడో దానికి ఆరు ప్రధాన కారణాంకాలు దొరికాయి గాని, మిగిలిన ముక్క వెయ్యి అంకెలకు పైనే ఉంది, అది పగలాలని తెలుసు, పగలగొట్టినవాడు లేడు. ఇంకా పైనున్న ఒకటి రెండింటి తీరు విచిత్రం. ఉదాహరణకు 2 ఘాతం 1,67,77,216 కు ఒకటి కలిపితే వచ్చే యాభై లక్షల అంకెల సంఖ్య ప్రధానం కాదని 1999లో తేలింది. దాని కారణాంకం ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. ఫెర్మా నమ్మిన ప్రధాన సంఖ్యలు ఆయన చూసిన ఆ అయిదింటి తరువాత ఆరోది దొరకలేదు. ఇక దొరకదని రుజువూ లేదు.

చదరంగపు పద్ధతిలోనే చెప్పాలంటే, 4096 గళ్ళున్న బల్ల మీద గింజల మొత్తాన్ని, అది 1234 అంకెల సంఖ్య, మనం ఈ రోజు చివరి ప్రధాన సంఖ్య దాకా విడగొట్టి రాయగలం. 8192 గళ్ళ బల్ల దగ్గర లెక్క ఆగి ఉంది.